కొంగ బిళ్ళ సైకిలు

సుబ్రహ్మణ్యేశ్వరుడు నెమలెక్కి లోకాలన్నీ చుట్టి వచ్చేలోపల వినాయకుడు అమ్మానాన్నల చుట్టూ తిరిగేసి పందెం కొట్టేశాడని అందరికీ తెలిసిన కథే. నూజివీడు మామిడి వ్యాపారి సుబ్రహ్మణ్యం తమ్ముడి పేరు పెట్టుకున్నాడు గానీ పద్ధతి మాత్రం అన్నగారిదే పట్టాడు. ఆయన దగ్గర ఏడు రేసు సైకిళ్ళున్నాయి. అన్నీ పాతవి, అన్నీ ఉక్కువి, అన్నీ దొరల కాలంలో ఓడలెక్కి వచ్చినవి. రోజూ పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, మెత్తటి గుడ్డ ఒకటి చేత్తో పట్టుకుని వాటి చుట్టూ ప్రదక్షిణం చేసేవాడు. ఎక్కేవాడు కాదు.

ఎందుకెక్కేవాడు కాదంటే, రాదు. సైకిలు తొక్కడం రాదాయనకి.

పుట్టినప్పుడు జాతకం రాసిన సిద్ధాంతి చక్రగండం ఉందన్నాడట. వాళ్ళమ్మ ఆ మాట పట్టుకుని, ఒక్కగానొక్క మగనలుసు కదా అని, బండి చక్రం నీడ కూడా మీద పడకుండా పెంచింది. తోటి పిల్లలు అద్దె సైకిళ్ళు తెచ్చుకుని, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతూ, పడి మోకాళ్ళు చెక్కుకుంటుంటే ఈయన అరుగు మీద కూర్చుని వాళ్ళకి ఊడిపోయిన చైన్లు ఎక్కించి పెట్టేవాడు. గండం పోయింది, మోజు మిగిలింది. నలభై దాటాక నేర్చుకుందామంటే ఊరు నవ్వుతుంది. నేర్చుకోకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. రెండోదే సుఖమనుకున్నాడు.

ఈ సంగతి తెలిసిన మనిషి లోకంలో తన భార్య హైమవతి ఒక్కతేనని ఆయన నమ్మకం. ఆవిడకి పెళ్ళయిన నెలలోనే తెలిసిపోయింది. విస్సన్నపేటలో మామగారు ముచ్చటపడి కొత్త సైకిలు కొనిస్తే అల్లుడుగారు దాన్ని బస్టాండు దాకా నడిపించుకుంటూ వెళ్ళి బస్సు టాపు మీద వేయించాడు. "కొత్త సైకిలు, మట్టంటుకుంటుంది" అన్నాడు. ఆవిడ తెలివైనది కాబట్టి ఏమీ అనలేదు. అంతకన్నా తెలివైనది కాబట్టి ఆ తరవాత కూడా చాలాకాలం ఏమీ అనలేదు.

సాయంత్రమయ్యేసరికి ఏడింటిలో ఒకదాన్ని సీటు పట్టుకుని, కోడలిని పేరంటానికి తీసుకెళ్తున్నంత జాగ్రత్తగా, బజారులో నడిపించుకుంటూ వెళ్ళేవాడు. ఎవరైనా "ఎక్కరేమండీ?" అంటే జవాబు సిద్ధంగా ఉండేది. "రేసు సైకిలుని ఊళ్ళో తొక్కడమంటే పట్టుచీర కట్టుకుని పేడెత్తడమేనండీ" అనేవాడు. అడిగినవాడు "అంతేలెండి" అని తల ఊపి, పక్కకి తిరిగి దగ్గేవాడు. నూజివీడులో ఆ దగ్గు చాలామందికి ఉండేది. సుబ్రహ్మణ్యం అది మామిడి పూత ఒంటికి పడకనుకునేవాడు.

తొక్కడం రాకపోయినా బాగుచేయడం మాత్రం వచ్చు. ఆ మాటకొస్తే ఆ విద్యలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. ఏడింటిలోకీ ఆయన ప్రాణం కొంగ బిళ్ళ సైకిలు. అది రెడ్డిగూడెంలో ఒకరి పెరట్లో ఆనపపాదుకి ఆసరాగా నిలబడి ఉంటే చూశాడు. ఎప్పుడో కాలవల ఇంజనీరు దొర వదిలేసి పోయాడట. బేరం కుదిరింది గానీ కాయ కోతకొచ్చేదాకా పాదు కదపనివ్వనంది ఇంటావిడ. వారం వారం వెళ్ళి ఆనపకాయ ఎంత పెరిగిందో చూసి వచ్చేవాడు. చివరికి సైకిలూ, కాయా రెండూ తెచ్చాడు. కాయ పులుసులోకి పోయింది. సైకిలు మాగబెట్టే గదిలోకి వెళ్ళింది.

మాగబెట్టే గదంటే మామిడికాయలు గడ్డిలో పరిచి పండబెట్టుకునే గది. అందులోంచి కాయలు ఏనాడో నడవాలోకి వచ్చేశాయి. ఇరుసుల్లోని ఇనప గోళీలు, బాల్సు, కిరసనాయిల్లో ఒక్కొక్కటీ కడిగాడు. సీటు తోలుకి ఆముదం రాసి రాసి మళ్ళీ చర్మంలా చేశాడు. ముందుపైపు మీద నల్లటి బిళ్ళ ఒకటుంటే చింతపండుతో తోమాడు. లోపల నుంచి ఒంటికాలి మీద నిలబడ్డ ఇత్తడి కొంగ బయటికొచ్చింది. ఆ రోజు ఆయన అన్నం కూడా సరిగా తినలేదు. పాత ఆకుపచ్చ రంగు ఎక్కడ మిగిలిందో అక్కడ గరుకు కాగితం తగలనివ్వలేదు. "కొత్త రంగు కొట్టించెయ్యరాదూ?" అన్న పెద్దమనిషితో ఆరునెలలు మాట్లాడలేదు. దొరకని మర ఒకదాని కోసం మద్రాసు దాకా వెళ్ళాడు. అంతా అయ్యాక చక్రాన్ని వేలితో ఒకసారి తిప్పి, లోపలికి వెళ్ళి కాఫీ తాగి వస్తే, అది ఇంకా తిరుగుతూనే ఉండేది.

"కాయలు పండాల్సిన గదిలో సైకిళ్ళు పెట్టారు. ఇవెప్పుడు పండుతాయండీ?" అంది హైమవతి ఒకసారి.

"నీకేం తెలుసే దీని విలువ?" అన్నాడాయన, కొంగని తుడుస్తూ. ప్రేమగా అన్నాడు. ఆ ప్రేమ ఆవిడ మీదది కాదని ఇద్దరికీ తెలుసు.

ఇక్కడ మామిడి యార్డు సంగతి ఒకటి చెప్పాలి. గాలివానకి రాలిన కాయని రాలుకాయ అంటారు. దెబ్బ తిని ఉంటుంది కనక మాగకముందే కుళ్ళుతుంది. ఆ యార్డులో పెద్దలు పెట్టిన కట్టుబాటు ఏమిటంటే, సొంతదారు తన సరుకుని తన నోటితో నలుగురిలో రాలుకాయ అన్నాడంటే ఇక అది రాలుకాయే. ముందెవరు తువ్వాలు వేస్తే వాళ్ళది, ఖాళీ గంప ఖరీదుకే. అన్నమాట వెనక్కి తీసుకోవడానికి లేదు. పుచ్చు సరుకుని మంచి సరుకుగా అంటగట్టకుండా ఉండడానికి పెట్టుకున్న ధర్మం. ధర్మమన్నాక దాన్ని వాడుకునేవాళ్ళు కూడా ఉంటారు.

ఎనభై అయిదు సీజన్లో ఆగిరిపల్లి రైతు నారాయణరావు బంగినపల్లి రాశి పోసుకుని నిలబడ్డాడు. కాయంటే కాయ కాదు, చెయ్యి పెట్టి చూస్తే అరచెయ్యి నిండిపోయేది. సుబ్రహ్మణ్యం బేరమాడలేదు. చేతులు కట్టుకుని నిలబడి పొగడడం మొదలుపెట్టాడు. "అబ్బబ్బ! ఏం కాయండీ నారాయణరావు గారూ! ఇలాంటి కాయ కొనడానికి మా దుకాణం తగదేమో!"

నారాయణరావు మర్యాదస్థుడు. నలుగురిలో అంత పొగిడేసరికి సిగ్గుపడిపోయాడు. "ఏదోలెండి, నాలుగు రాలుకాయలు, మీ దయ" అన్నాడు. పంచభక్ష్య పరమాన్నాలు వడ్డించి "ఏదో పచ్చడి మెతుకులు" అంటామే, అలాంటి మాట. ఆ మాట పూర్తికాకముందే సుబ్రహ్మణ్యం తువ్వాలు రాశి మీద పడింది.

"మర్యాదకన్నానండీ!" అన్నాడు నారాయణరావు, ముఖం పాలిపోయి.

"మర్యాదే. కాదన్నానా? అందరూ విన్నారు కదండీ" అన్నాడు సుబ్రహ్మణ్యం.

అందరూ విన్నారు. ఏడాది కష్టం గంపల ఖరీదుకి పోయింది. ఆ సాయంత్రం నారాయణరావు తన డొక్కు సైకిలెక్కి ఆగిరిపల్లి వెళ్ళిపోయాడు. సుబ్రహ్మణ్యం ఆ లాభంతో మద్రాసు నుంచి రెండు రేసు టైర్లు తెప్పించి కొంగ సైకిలుకి వేశాడు.

ఆ మరుసటేడు, అంటే ఎనభై ఆరులో, యార్డులో పెద్ద వర్తకుడైన ప్రభాకరరావు కొత్త జీపు కొన్నాడు. సీజను ముహూర్తం రోజున యార్డులో బండ్లన్నిటికీ పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఆచారం. అందరికంటే ముందు తొక్కించేదాన్ని తొలి బండి అంటారు. తొలి బండి ఎవరిదైతే ఆ సీజను మర్యాద వాళ్ళది. ఆ ఏడు జీపుదే తొలి బండని ఊరంతా అనుకుంది. సుబ్రహ్మణ్యానికి మాత్రం నిద్రపట్టలేదు.

"జీపుదేముందండీ? డబ్బు పారేస్తే ఎవడికైనా వస్తుంది" అన్నాడు వర్తకుల మధ్య కూర్చుని. "మా కొంగ సైకిలు వయసెంత, పుట్టుకెంత! దాని పక్కన నిలబడటానికి మీ జీపుకి అర్హతుందా?"

ప్రభాకరరావు నొచ్చుకోలేదు. నొచ్చుకోకపోవడం చూసైనా సుబ్రహ్మణ్యం జాగ్రత్తపడాల్సింది. "నిజమేనండోయ్! ఈ ఏడు తొలి బండి మీ సైకిలే. ఏవంటారు?" అన్నాడాయన. అందరూ ఔనంటే ఔనన్నారు. ఇద్దరు ముగ్గురికి పూత పడక దగ్గు కూడా వచ్చింది.

ఇంటికొచ్చి చెబితే హైమవతి చేతిలో పని ఆపేసింది. "తొక్కించాలి కదండీ?"

"పిచ్చిదానా, సైకిలే కదా. చేత్తో అలా తోస్తే నిమ్మకాయ నలిగిపోదూ?"

"ఎవరైనా ఎక్కమంటేనో?"

"ఎవరంటారే? నా సైకిలు విలువ తెలిసినవాడెవడూ అనడు."

"తెలియనివాడంటాడు" అంది ఆవిడ. ఆయన అప్పటికే మాగబెట్టే గదిలోకి వెళ్ళిపోయాడు.

ముహూర్తం రోజున యార్డంతా మామిడాకుల తోరణాలే. నాగపూరు వెళ్ళే లారీలు వరసగా నిలబడ్డాయి. వాటికి ముందు జీపు, జీపుకి ముందు కొంగ సైకిలు, పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిలుకి బంతిపూల దండ వేసుకుని ఎండలో మెరిసిపోతోంది. జరీపంచె కట్టుకుని సుబ్రహ్మణ్యం దాని పక్కన పెళ్ళికొడుకు తండ్రిలా నిలబడ్డాడు. రైతులంతా వచ్చి చూశారు. కొంగని చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపూ ఆయన జన్మ ధన్యమైంది.

పంతులుగారు కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, ముందు చక్రం కింద ఒకటి, వెనక చక్రం కింద ఒకటి నిమ్మకాయలు పెట్టారు. సుబ్రహ్మణ్యం సీటు మీద చెయ్యి వేసి తోయబోయాడు.

"ఆగండాగండి!" అన్నారు పంతులుగారు. "ఎక్కి తొక్కించాలి నాయనా. తోయకూడదు. తొలి బండిని తోస్తే ఆ సీజనంతా బండ్లని తోయిస్తుందని శాస్త్రం."

లారీ డ్రైవర్లలో కలకలం పుట్టింది. గంగరాజు అనే డ్రైవరు ముందుకొచ్చి దండం పెట్టాడు. "బాబ్బాబు, మీ పుణ్యముంటది, ఎక్కండి బాబూ. నాగపూరు రోడ్డు మీద ఇరవై టన్నుల లారీని ఎవడు తోస్తాడండీ?"

"జరీపంచె కట్టుకున్నానయ్యా, ఎలా ఎక్కను?" అన్నాడు సుబ్రహ్మణ్యం నవ్వు తెచ్చిపెట్టుకుని.

"ఎగ్గట్టుకోండి. ఇక్కడందరం అలాగే తొక్కుతాం" అన్నాడెవరో.

"టైర్లలో గాలి తక్కువుంది."

గంగరాజు టైరు నొక్కి చూశాడు. "రాయిలా ఉందండీ" అన్నాడు.

సుబ్రహ్మణ్యం చుట్టూ చూశాడు. యార్డు యార్డంతా ఆయన కాళ్ళవంకే చూస్తోంది. ఎక్కితే రెండు గజాలు కూడా పోకుండా పడతాడు. పడితే ఇన్నేళ్ళుగా దాచుకున్నది నిమ్మకాయల మధ్య బయటపడిపోతుంది. సైకిళ్ళ సుబ్రహ్మణ్యానికి సైకిలు రాదట అని రేపట్నుంచి గంపలు మోసేవాళ్ళు కూడా చెప్పుకుంటారు. అలాంటప్పుడు మనిషి నోట్లోంచి తనకి అలవాటైన మాటే వస్తుంది. వర్తకుడి నోట్లోంచి ఏ మాటొస్తుంది? ఇరవై ఏళ్ళుగా ఊరందరి సరుకుకీ వంక పెట్టిన నోరు అది. ఆ రోజు సొంత సరుకు మీదికి తిరిగింది.

"అసలు సంగతి చెబుతాను వినండి" అన్నాడు గొంతు పెంచి. "ఇది ఎక్కడానికి పనికిరాదండీ. పైపుల లోపలంతా తుప్పు తినేసింది. మధ్యలో విరిగితే అతికించారు. అసలు దొరల సైకిలే కాదిది, ఎవడో కొంగ బిళ్ళ తెచ్చి అంటించాడు. నేనే మోసపోయాను. చూడ్డానికి నిగనిగలాడుతోంది గానీ, ఒట్టి రాలుకాయండీ!"

గంగరాజు టైరు మీంచి చెయ్యి తీసేశాడు.

ఏమన్నాడో ఆయనకి చెవిలో పడేసరికి ఆలస్యమైంది. జనం వెనక నుంచి పాత తువ్వాలు ఒకటి గాలిలో తేలుతూ వచ్చి కొంగ సైకిలు సీటు మీద పడింది. దాని వెనకే ఆగిరిపల్లి నారాయణరావు వచ్చాడు.

"గంప ఖరీదు ఇదిగోండి" అని డబ్బులు ఆయన చేతిలో పెట్టాడు.

"అదేంటండీ నారాయణరావు గారూ! ఇది కాయా? సైకిలండీ!"

"యార్డులో ఉన్న సరుకే కదండీ. మీదే కదండీ. మీ నోటితోనే అన్నారు కదండీ." నారాయణరావు ఎప్పటిలాగే మర్యాదగా మాట్లాడాడు. "అందరూ విన్నారు."

"ఏదో కంగారులో అన్నాను. ఇది నిఖార్సైన ఇంగ్లీషు సైకిలండీ! ఒక్కొక్క మరా నా చేత్తో..."

"అయితే ఎక్కి తొక్కండి. మంచిదని తేలిపోతే నా తువ్వాలు నేను తీసేసుకుంటాను."

పంతులుగారు తల ఊపారు. ప్రభాకరరావు న్యాయమేనన్నాడు. సుబ్రహ్మణ్యం తువ్వాలు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. దాని కింద ఆయన ఆముదం రాసి బతికించిన సీటు ఉంది. ఎడమకాలు పెడలు మీద పెట్టాడు. ఎంతోమంది అలా పెట్టడం చూశాడు. ఆ తరవాత కుడికాలు ఏం చేస్తుందో మాత్రం ఆయనకి నిజంగా తెలియదు. ఒంటికాలి మీద అలా కాసేపు నిలబడ్డాడు, బిళ్ళ మీద కొంగ లాగానే. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పడిపోయినా ఫరవాలేదు, సైకిలు దక్కుతుందని ఒక మనసంది. జనం మొహాలు చూసింది రెండో మనసు.

కాలు కిందికి దించేశాడు.

"తీసుకోండి. నాకెందుకు ఈ చెత్త" అన్నాడు.

నారాయణరావు పంచె ఎగ్గట్టి, ఒక్క అంగలో ఎక్కేశాడు. నిమ్మకాయలు రెండూ చిట్లాయి. ఆ సైకిలు ఆనపపాదు దిగిన తరవాత మొదటిసారి మనిషిని మోసుకుని యార్డు చుట్టూ రివ్వున తిరిగింది. తొక్కడం ఆపినప్పుడల్లా వెనక చక్రం కీచురాయిలా సన్నగా పాడింది. నడిపిస్తే టిక్కుటిక్కుమనేదే గానీ, అలా పాడుతుందని దాన్ని బాగుచేసినవాడికి కూడా తెలియదు. లారీ డ్రైవర్లు ఈలలు వేశారు. నారాయణరావు గేటు దాటి ఆగిరిపల్లి రోడ్డెక్కేదాకా సుబ్రహ్మణ్యం ఆ చప్పుడే విన్నాడు.

ఆయన ఇంటికి వచ్చి నడవాలో మామిడికాయల మధ్య కూలబడ్డాడు. హైమవతి మంచినీళ్ళు ఇచ్చింది. వార్త ఆయనకంటే ముందే ఇల్లు చేరినట్టుంది, ఏం జరిగిందని అడగలేదు.

"పోతే పోయింది" అన్నాడాయన. "ప్రాణంలాంటి సైకిలే. కానీ పరువు దక్కింది. నాకు తొక్కడం రాదని ఎవడికీ తెలియలేదు."

ఆవిడ ఆయన వంక జాలిగా చూసింది. పెళ్ళయి ఇన్నేళ్ళకి ఇక దాచడం అనవసరమనుకుంది. "ఊరందరికీ తెలుసండీ."

"ఏంటీ?"

"మీ పంచెలు ఉతికే అచ్చమ్మ చెప్పి పదేళ్ళు దాటింది. మోకాళ్ళ మీద గ్రీజు, ఒళ్ళో గ్రీజు, చేతులు తుడుచుకున్న చోటల్లా గ్రీజు. కుడికాలి అంచున మాత్రం ఒక్కనాడూ చైను మరక లేదట. సైకిలెక్కేవాడి పంచె కాదమ్మా ఇది, అని రేవు దగ్గరే తేల్చేసింది. పంతులుగారికీ తెలుసు. తోసిన బండి సీజనంతా తోయిస్తుందన్న శాస్త్రం ఏ పుస్తకంలోనూ లేదు. ప్రభాకరరావు గారి జీపులో కూర్చుని అందరూ కలిసి కల్పించారట, ఇందాకే తెలిసింది."

సుబ్రహ్మణ్యం తన పంచె కుడి అంచు తిప్పి చూసుకున్నాడు. వీధిలో దగ్గిన దగ్గులన్నీ ఒక్కొక్కటే ఇప్పుడు ఆయనకి అర్థమవుతున్నాయి.

"ఇన్నేళ్ళూ తెలిసి, మరి ఒక్కడూ నా మొహాన అనలేదేమే?"

హైమవతి ఖాళీ గ్లాసు అందుకుంది.

"అనేస్తే మీరు పంతం పట్టి నేర్చేసుకోరూ? అప్పుడు ఊరికి కాలక్షేపం ఏముంటుందండీ?"